రాతి నేల మీది రొట్టె

దక్షిణ ఇటలీలోని బారి నగరంలో పెద్ద రైల్వే స్టేషన్‌ని ఆనుకుని ఇంకో చిన్న స్టేషన్ ఉంది. అల్తమూరా, మతేరా వెళ్లే బళ్లు అక్కణ్ణుంచే బయల్దేరతాయి. నారోగేజి లైను. పట్టాల మధ్య దూరం 950 మిల్లీమీటర్లు, మన పాత మీటరుగేజి కన్నా కాస్త సన్నం. ఊరూరా ఆగుతూ, సముద్రం ఒడ్డు నుంచి మెల్లమెల్లగా పైకెక్కుతూ, 45 కిలోమీటర్లకే దాదాపు గంట తీసుకుంటుంది. ఆ నిదానం నాకు బాగా కలిసొచ్చింది. కిటికీ పక్కన కూర్చుంటే నేల మారిపోవడం కళ్లారా కనిపిస్తుంది. మొదట ఆలివ్ తోటలు, బాదం చెట్లు, ద్రాక్ష పందిళ్లు. గ్రూమో అనే ఊరు దాటాక చెట్లు పలచబడతాయి. మట్టిలోంచి తెల్లటి సున్నపురాయి పైకి తేలుతుంది. పొలాల గట్లన్నీ మట్టీ సున్నం పెట్టకుండా రాయి మీద రాయి పేర్చిన గోడలే. వాటి మధ్య, జూన్ నెల కాబట్టి, కోతకొచ్చిన గోధుమ చేలు.

నాతో మా అన్నయ్య కూతురు ఉంది. బారిలో ఎమ్మెస్ చదువుతోంది, ఇటాలియన్ గడగడా మాట్లాడుతుంది. "రోమ్ చూశావు, ఫ్లోరెన్స్ చూశావు. ఈ దేశంలో కష్టపడి బతికినవాళ్లు ఏం తిన్నారో చూడాలంటే మాత్రం అల్తమూరా రావాలి బాబాయ్" అని ఫోన్లో పట్టుబట్టింది. నాకూ ఆ కోరిక ఉంది. హైదరాబాద్, బెంగళూరు బేకరీల్లో ఇప్పుడు సోర్‌డో పేరుతో దొరుకుతున్న రొట్టెను ఇష్టంగా తింటున్నాను. ఈస్ట్ పొడి వెయ్యకుండా, పులిసిన పిండితోనే పొంగించిన రొట్టె అది. మన దగ్గర కొత్త ముచ్చటగా ఉన్న ఆ రొట్టె, తరతరాలుగా ఊరందరి తిండిగా ఉన్న చోట ఎలా ఉంటుందో చూడాలనిపించింది.

రైలు ఎక్కుతున్న ఈ పీఠభూమి పేరు ముర్జా. ఇక్కడ వాన పడుతుంది గానీ నీరు నిలవదు, సున్నపురాయి పగుళ్లలోంచి లోపలికి దిగిపోతుంది. చెప్పుకోదగ్గ ఏరు ఒక్కటీ లేదు. కొండల అవతలి ఊటల నుంచి నీళ్లు మోసుకొచ్చే పూల్యా జలవాహిని 1915లో బారి చేరేదాకా ఈ ప్రాంతమంతా తొట్లలో పట్టుకున్న వాననీటితోనే గడిపింది. అలాంటి నేల మీద నిలిచేవి రెండే: గట్టి గింజ గోధుమ, గొర్రెలు. మన కిరాణా కొట్లలో బన్సీ రవ్వ అని అమ్మేది ఈ గట్టి గోధుమ జాతిదే. ఇటలీవాళ్లు పాస్తా చేసేదీ దీంతోనే. అల్తమూరా వాళ్లు మాత్రం దీంతో రొట్టె కూడా చేస్తారు.

ఇక్కడి జనం ఉండేది పెద్ద పెద్ద ఊళ్లలో, పొలాలేమో ఎక్కడో దూరాన. కూలీలు పొలానికి వెళ్తే రోజుల తరబడి అక్కడే మకాం. గొర్రెల కాపరి మందను తోలుకుని వెళ్తే వారం, ఒక్కోసారి రెండు వారాలు ఇంటి మొహం చూసేవాడు కాదు. అతని సంచిలో ఉండేవి రొట్టె, ఉప్పు, కాస్త ఆలివ్ నూనె. రాత్రిపూట నీళ్లు మరిగించి, అందులో రొట్టె ముంచి, ఉప్పూ నూనే వేసుకుని తినేవాడు. అంటే ఇంట్లో ఆడవాళ్లు చేసి పంపే రొట్టె వారం దాటినా బూజు పట్టకూడదు, పళ్లకు లొంగనంతగా బిగుసుకుపోకూడదు. వందల ఏళ్లు వాళ్లు పిండి కలిపింది ఆ అవసరం కోసమే. ఇవాళ పెద్ద హోటళ్లలో ఈ రొట్టెను కోసి వడ్డిస్తున్నారు, మంచిదే. కానీ దాని గుణమంతా ఆ సంచిలో తయారైంది. పెంకు మందం, రంగు, పులుపు, లోపలి తేమ, వీటిలో దేని గురించి అడిగినా జవాబు చివరికి ఆ కాపరి దగ్గరికే చేరుతుంది.

స్టేషన్ నుంచి పాత ఊళ్లోకి పది నిమిషాల నడక. నడి ఊళ్లో చర్చి. చక్రవర్తి రెండో ఫ్రెడరిక్ 1232లో కట్టించడం మొదలుపెట్టాడు. ముఖద్వారానికి అటూ ఇటూ రెండు రాతి సింహాలు. తలుపు పైదూలం మీద ఏసు ఆఖరి విందు చెక్కి ఉంది. రొట్టె విరిచి పంచిన ఆ రాత్రి కథ కింద నుంచే ఈ ఊరివాళ్లు ఆదివారం గుళ్లోకి వెళ్తారు. చర్చి చుట్టూ సందులు. ఒక్కో సందు లోపలికి పోయి, నాలుగు వైపులా ఇళ్లున్న చిన్న వాకిట్లో ఆగిపోతుంది. ఇలాంటి మూసుకుపోయిన వాకిళ్లు ఊళ్లో చాలా ఉన్నాయి. క్లౌస్త్రో అంటారు. ఒక మెట్ల వరస, ఒక బావి, ఒక అంజూర చెట్టు, పది తలుపులు. ఎవరింట్లో ఏం వండుతున్నారో అందరికీ తెలిసిపోయే ఏర్పాటు.

మేం వెళ్లిన బేకరీ అలాంటి ఒక సందు మొదట్లో ఉంది. ఈ ఊళ్లో 1423 నుంచి ఉందని చెప్పుకునే సాంతా క్యారా బట్టీ అందరికీ తెలిసినది, దాన్నీ చూశాం. కానీ తెల్లారకముందే వచ్చి దగ్గరుండి చూడనిచ్చింది మాత్రం ఈ చిన్న బేకరీ ఆయన. అరవై దాటిన మనిషి. మా అమ్మాయి ముందురోజు అడిగితే, "రావచ్చు గానీ పిండికి అడ్డం రావద్దు" అన్నాడట.

లోపల అడుగుపెట్టగానే ముందు తెలిసింది వేడి. బట్టీలో ఓక్ కట్టెలు కాలి నిప్పులయ్యాయి. రెండోది వాసన. పుల్లటిదే గానీ ముక్కును పొడిచే పులుపు కాదు. పండిన ఆపిల్ పళ్లూ పచ్చి గోధుమా కలిసినట్టు. పెద్ద చెక్క తొట్టిలో, దళసరి నూలు గుడ్డ కింద, లేత పసుపు రంగు పిండి ముద్ద. ఆ పసుపు ఎవరూ కలిపింది కాదు, గట్టి గోధుమ గింజలోనే ఉన్న రంగు. రవ్వను రెండోసారి ఆడించి సన్నం చేస్తారు. అలా ఆడించడంలో గింజలోని పిండిపదార్థం బాగా నలిగి, మామూలు పిండి కన్నా ఎక్కువ నీళ్లు పీల్చుకుంటుంది. రొట్టె రోజుల తరబడి లోపల మెత్తగా ఉండడానికి ఇదొక కారణం.

రెండో కారణం మూల బల్ల మీద, ఇంకో గుడ్డ కింద ఉంది. లియేవితో మాద్రే. తల్లి పిండి. రవ్వా నీళ్లూ తప్ప దాంట్లో మరేం లేదు. కొత్తగా తయారుచేస్తే గోధుమ పొట్టు మీద సహజంగా ఉండే ఈస్ట్, లాక్టిక్ బాక్టీరియా నీళ్లు తగలగానే మేల్కొంటాయి. ఈస్ట్ వాయువు పుట్టించి పిండిని పొంగిస్తుంది. బాక్టీరియా ఆమ్లాలు పుట్టిస్తుంది. ఆ ఆమ్లం వల్లే పులుపు, ఆ ఆమ్లానికే బూజు వెనకాడుతుంది. వాడిన ప్రతిసారీ కొంచెం మిగిల్చి, దానికి కొత్త రవ్వా నీళ్లూ పెడితే మళ్లీ పుంజుకుంటుంది. మన ఇళ్లలో పెరుగు తోడు సంగతి తెలిసినవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు. రాత్రి గిన్నె కడిగేసి తోడు లేదని నాలుక కరుచుకుని, పక్కింటికి చిన్న గిన్నె పంపించడం మా అమ్మ తరం వరకూ మామూలు సంగతి. ఈ ఊళ్లోనూ అంతే జరిగేది. ఈ వారం ఎవరింట్లో రొట్టె పిసికితే వాళ్లింటి ముద్ద, పై వారం పిసికే ఇంటికి వెళ్లేది. వాకిలి వాకిలంతా ఒకే తల్లి పిండి మీద బతికేది. మా అమ్మాయి ఈ పోలిక ఆయనకి చెప్పింది. ఆయన పెరుగు సంగతి శ్రద్ధగా విని, "మీకు పాలు, మాకు గోధుమ" అన్నాడు.

19వ శతాబ్దం రెండో సగంలో ఫ్యాక్టరీ ఈస్ట్ మార్కెట్లోకి రాకముందు ప్రపంచంలో పొంగిన రొట్టె చాలావరకు ఇలా పులిసినదే. అప్పట్లో దానికి వేరే పేరు అవసరం లేదు, రొట్టె అంటే అదే. ఈస్ట్ వచ్చాక గంట రెండు గంటల్లో పిండి పొంగడం మొదలై, పులియబెట్టేవాళ్లు తగ్గిపోయారు. అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో పుల్లరొట్టెకు పేరు నిలిచింది. 1971లో అక్కడి పిండిలో కనిపెట్టిన బాక్టీరియాకి ఆ నగరం పేరే పెట్టారు. తర్వాత వెతికితే అదే బాక్టీరియా ఇటలీ తల్లి పిండిలోనూ దొరికింది. సముద్రానికి రెండు వైపులా, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా, ఎన్నో ఇళ్లలో ఆడవాళ్లు ఆ సూక్ష్మజీవిని మేపుతూ వచ్చారు. నాకు ఇది ఎంతో గౌరవంగా తలుచుకోవలసిన విషయంగా కనిపిస్తుంది.

అల్తమూరా రొట్టెకు 2003లో యూరోపియన్ యూనియన్ మూలప్రాంత రక్షణ గుర్తింపు (పీడీఓ) ఇచ్చింది. యూరప్‌లో రొట్టెల్లో ఆ గుర్తింపు మొదట అందుకున్నది ఇదే. ఆ గుర్తింపుతో పాటు లెక్కలూ వచ్చాయి. గోధుమ అల్తమూరా, గ్రవీనా, పొజ్జోర్సీని, స్పినజ్జోలా, మినెర్వీనో ఊళ్ల పొలాల్లో పండాలి. వంద కిలోల రవ్వకు 20 కిలోల తల్లి పిండి, 2 కిలోల సముద్రపు ఉప్పు, 18 డిగ్రీల నీళ్లు 60 లీటర్లు. తల్లి పిండికి కనీసం మూడుసార్లు కొత్త రవ్వ పెట్టాలి. మా బేకరీ ఆయన దగ్గర ఈ లెక్కల కాగితం గోడకు వేలాడుతోంది. దాన్నెప్పుడైనా చూస్తారా అని అడిగిస్తే, చెయ్యి పిండిలో పెట్టి కాసేపు ఆగి, "ఇవాళ నీళ్లు కొంచెం తగ్గించాను, గాలిలో తేమ ఉంది" అన్నాడు. లెక్కలు అవసరమే. పేరు పెట్టుకుని ఎవరు పడితే వాళ్లు ఏదో ఒకటి అమ్మకుండా కాపాడేవి అవే. కానీ గాలిలో తేమ ఏ కాగితం మీదా ఉండదు.

పిసకడం ఇరవై నిమిషాలు, ఇప్పుడు మెషీనే. తర్వాత గంటన్నర గుడ్డ కింద విశ్రాంతి. పిండిని ముక్కలుగా కోసి, గుండ్రంగా చేసి, మళ్లీ అరగంట. అప్పుడు చేతులతో మలచడం. నేను కళ్లు తిప్పకుండా చూసింది అక్కడే. ఆయన ముద్దను బల్ల మీద పెట్టి రెండు అరచేతులతో మెల్లగా సాగదీస్తాడు. ఎక్కడా నొక్కడు, లోపలి గాలి పోకూడదు. ఒక అంచును పైకి లేపి, రెండో అంచు మీదికి మడుస్తాడు, పూర్తిగా కప్పకుండా, పైదవడ ముందుకొచ్చినట్టు. కుడిచేతి అంచుతో మడత దగ్గర ఒక్కసారి ఒత్తుతాడు. అంతే. ఒక్కో ముద్దకు నాలుగైదు క్షణాలు పట్టిందేమో. ఊరి యాసలో ఈ ఆకారాన్ని స్క్వనేత్ అంటారు. ఇంకో ఆకారం బల్లపరుపుగా, వెడల్పుగా ఉంటుంది. దాని పేరు పూజారి టోపీ. ఎత్తైనదానిలో మెత్తన ఎక్కువ, బల్లపరుపుదానిలో పెంకు ఎక్కువ. ఇళ్లలో ముసలివాళ్లు మొదటిదాన్నీ, పళ్లు గట్టిగా ఉన్న కుర్రాళ్లు రెండోదాన్నీ ఇష్టపడతారని ఆయన చెప్పాడు.

పావుగంట ఆగాక బట్టీ. మనిషి పొడవుకు రెండింతలున్న చెక్క తెడ్డు మీద రొట్టె పెట్టి, లోపలి మూలకు తోసి, ఒక్క గుంజుతో తెడ్డు లాగేస్తాడు. లోపల దాదాపు 250 డిగ్రీలు. మొదటి పావుగంట బట్టీ తలుపు తెరిచే ఉంచుతారు, రొట్టె పొంగేది అప్పుడే. తర్వాత ముప్పావుగంట మూసేస్తారు. ఆఖరున మళ్లీ ఐదు నిమిషాలు తలుపు తీస్తారు, ఆవిరి బయటికి పోయి పెంకు కరకరలాడుతుంది. పెంకు కనీసం మూడు మిల్లీమీటర్ల మందం ఉండాలని నియమం. దాన్ని చూశాక ఇది రుచి కోసం పెట్టిన నియమమని అనిపించలేదు. లోపలి తేమను వారంపాటు కాపలా కాసే గోడ అది.

మొదటి రొట్టె బయటికొచ్చాక ఆయన దాన్ని తిరగేసి అడుగున వేలితో తట్టాడు. బోలుగా మోగింది. తలాడించి బల్ల మీద పెట్టాడు. పెంకు ముదురు గోధుమ రంగు, మడత దగ్గర దాదాపు నలుపు. మాకు వేడివేడిగా కోసి పెడతాడనుకున్నాం. పెట్టలేదు. "వేడిగా తింటే దీని రుచి మీకు తెలియదు. లోపల ఇంకా ఉడుకుతోంది. మధ్యాహ్నం కొయ్యండి. రేపు ఇంకా బాగుంటుంది" అన్నాడు. మా అమ్మాయి తెలుగులో చెప్తుంటే, తన మాట సరిగ్గా వచ్చిందా అన్నట్టు నా మొహం వంకే చూస్తూ నిలబడ్డాడు.

ఇప్పుడంటే బేకరీలో కొనుక్కుంటున్నారు. మొన్నమొన్నటిదాకా, అంటే రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కొన్నేళ్ల వరకూ, రొట్టె ఇంట్లో కలపడం, ఊరి బట్టీలో కాల్పించుకోవడం. ఇంటింటికీ బట్టీ పెట్టుకునే స్తోమత ఎవరికుంది? కట్టెలే కరువు. తెల్లారగట్ట బట్టీ మనిషి సందుల్లో కేక వేస్తూ తిరిగేవాడు. రాత్రి పిసికి, ఉన్ని దుప్పట్లు కప్పి వెచ్చగా ఉంచిన ముద్దల్ని ఆడవాళ్లు పొడవాటి పలకల మీద పెట్టి పంపేవారు. ఒక్కోటి ఎన్నో కిలోల బరువు, ఇంటిల్లిపాదికీ వారానికి సరిపడా. బట్టీలోంచి వచ్చాక ఎవరిది ఏదో తెలియాలి కదా, అందుకే ప్రతి ఇంటికీ ఒక ముద్ర. చెక్కదో ఇనుముదో, దాని అడుగున ఇంటి పెద్ద పేరు పొడి అక్షరాలు. కాల్చేముందు ముద్ద మీద గుద్దేవారు. బేకరీ గోడ మీది గూట్లో అలాంటివి నాలుగైదు ఉన్నాయి. ఒకటి చేతిలోకి తీసుకున్నాను. గుప్పెట్లో పట్టే పిడి, దాని పైన కోడిపుంజు బొమ్మ, కింద రెండు అక్షరాలు తిరగేసి చెక్కి ఉన్నాయి. పిడి అరిగి నున్నగా ఉంది. ఎంతమంది ఆడవాళ్ల చేతుల్లో అరిగిందో. అక్షరాలు మాత్రం మగవాడివి. రొట్టె చేసిన మనిషి పేరు రొట్టె మీద ఎన్నడూ లేదు. ఇది రాయకుండా ఈ ఊరి రొట్టెను పొగడడం నాకు సబబు అనిపించడం లేదు.

రొట్టె సంచిలో పెట్టుకుని ఊరంతా తిరిగాం. ఇలా ఈ ప్రాంతం రొట్టెను మోసుకెళ్లే యాత్రికుల గురించి రోమన్ కవి హొరేస్ ఎప్పుడో రాశాడు. క్రీస్తుపూర్వం 37లో రోమ్ నుంచి బ్రుందీసియం రేవుకి చేసిన ప్రయాణాన్ని ఆయన తన మొదటి వ్యంగ్య కావ్యసంపుటిలో ఐదో కవితగా రాశాడు. దారిలో ఒక చిన్న ఊరు. దాని పేరు ఛందస్సులో ఇమడదని చెప్పనే లేదు. అక్కడ నీళ్లు డబ్బిచ్చి కొనుక్కోవాలి గానీ రొట్టె మాత్రం చాలా గొప్పదని, తెలివైన ప్రయాణికులు ముందు మజిలీలకు కూడా సరిపడా భుజాన వేసుకుని వెళ్తారని చెప్పాడు. హొరేస్ పుట్టిన వెనూసియా ఇక్కడికి దగ్గరే, ఈ నేల ఆయనకి కొత్త కాదు. అల్తమూరా వాళ్లు ఆ పేరులేని ఊరు మాదేనంటారు. ఆ మాటతో నాకు పేచీ లేదు. ఊరు ఏదైనా, రెండు వేల ఏళ్ల కిందటి మనిషి ఈ రొట్టెలో చూసిన గుణం అదే: భుజానికెత్తుకుంటే దారి పొడుగునా తోడొస్తుంది.

ఇంకో కథ మన కాలానిది. 2001లో ఈ ఊళ్లో మెక్‌డొనాల్డ్స్ తెరిచారు. కాస్త ఎడంగా లూకా దిజేజూ అనే స్థానిక బేకరీ యజమాని చిన్న కొట్టు పెట్టాడు. వాళ్ల కుటుంబానిది 19వ శతాబ్దం నాటి నుంచి రొట్టెల పనే. ఆయన అమ్మింది ఫొకాచా, అంటే ఇదే రవ్వ పిండిని పలచగా పరిచి టమాటా, ఆలివ్ నూనె వేసి కాల్చిన రొట్టె. ఉద్యమాలు లేవు, ధర్నాలు లేవు. జనం ఒక్కొక్కరే ఇటు తిరిగారు. 2002 ఆఖరుకల్లా మెక్‌డొనాల్డ్స్ మూసేశారు. 2009లో దీని మీద ఫొకాచా బ్లూస్ అనే సినిమా కూడా వచ్చింది. ఊళ్లో ఎవరినడిగినా ఈ కథ ఛాతీ విరుచుకుని చెప్తారు. నేనూ ఆ ఫొకాచా తిన్నాను. అంచు కరకర, నడుమ నూనె పీల్చిన మెత్తన, టమాటా మాడి తీపెక్కిన చోట ఉప్పుకల్లు. ఇలాంటిది వీధి చివర దొరుకుతుంటే మనిషి ఇంకో వైపు ఎందుకు వెళ్తాడు!

అదే రైలు లైనులో ఇంకా ముందుకు పోతే మతేరా. బారి, అల్తమూరా ఉన్న పూల్యా ప్రాంతం దాటి బసిలికాతా ప్రాంతంలో అడుగుపెడతాం. లోయ అంచున కొండను తొలిచి కట్టిన సాస్సీ అనే గుహ ఇళ్లు వరసలు వరసలుగా దిగుతాయి. 1950ల మొదట్లో కూడా ఆ గుహల్లో మనుషులూ గాడిదలూ కోళ్లూ ఒకే కప్పు కింద ఉండేవారు. 1952లో చట్టం చేసి దాదాపు పదిహేను వేలమందిని కొత్త ఇళ్లకు తరలించారు. 1993లో అదే చోటు యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. ఇప్పుడు గుహల్లో హోటళ్లు. చూడ్డానికి అద్భుతంగా ఉంది. అక్కడ మగ్గిపోయిన బతుకుల్ని తలుచుకుంటే మాత్రం అద్భుతమన్న మాట గొంతులో ఆగుతుంది.

మతేరా రొట్టెదీ అదే గట్టి గోధుమ, అదే పులుపు. దానికి 2008లో పీజీఐ అనే మరో యూరప్ గుర్తింపు వచ్చింది. తేడా తల్లి పిండిలో ఉంది. ఇక్కడ ద్రాక్ష, అంజూర లాంటి పళ్లు నానబెట్టిన నీళ్లతో దాన్ని మొదలుపెడతారు. పిండి మీద కత్తితో మూడు గాట్లు పెడతారు, తండ్రికి, కుమారుడికి, పవిత్రాత్మకు. ఇక్కడి ముద్రలు ఇంకా అందమైనవి. గొర్రెల కాపరులు మందల దగ్గర కూర్చుని చాకుతో చెక్కినవి. మనసుపడ్డ పిల్లకు అలాంటి ముద్ర చెక్కి పంపడం పెళ్లి అడిగినట్టేనట, ఆమె దాన్ని ఉంచుకుంటే ఒప్పుకున్నట్టు. అది విని మా అమ్మాయి మురిసిపోయి ముద్రల బొమ్మల్ని ఫోన్లో ఎన్ని ఫొటోలు తీసిందో.

బారి తిరిగొచ్చాక అల్తమూరా రొట్టెను బేకరీ ఆయన చెప్పినట్టే ఉంచాం. ప్లాస్టిక్ సంచి వద్దన్నాడు, తేమ పట్టి పెంకు మెత్తబడుతుంది. నూలు గుడ్డలో చుట్టి, కోసిన వైపు చెక్క పలక మీదికి బోర్లించాం. మర్నాడు దాని రుచి ఆయనన్నట్టే పెరిగింది. పులుపు ముందురోజు నాలుక చివర తగిలింది కాస్తా ముక్క నమిలేకొద్దీ వెనకనుంచి వచ్చింది. లోపల చిన్నా పెద్దా గుల్లలు, వేలితో నొక్కితే మళ్లీ పైకి లేచే మెత్తన, లేత పసుపు. ఆలివ్ నూనె, ఉప్పు తప్ప దాని మీద ఏమీ పెట్టబుద్ధి కాలేదు. ఆ తర్వాత కాల్చుకుని, టమాటా రుద్దుకుని తిన్నాం. ఇంకా కొన్ని రోజులకు గట్టిపడింది గానీ బూజు మాత్రం లేదు.

గట్టిపడ్డాకే ఈ ప్రాంతపు అసలు వంటలు మొదలవుతాయి. రొట్టె పారేయడం ఇక్కడ తప్పు. తురిమి, నూనెలో దోరగా వేయించి పాస్తా మీద చల్లుతారు. జున్ను కొనలేని ఇళ్లలో జున్ను బదులు అదే. కూరలతో కలిపి ఉడికిస్తారు. అన్నిటికన్నా నాకు నచ్చింది చాల్లెద్ద. మా అమ్మాయి ఇంటి యజమానురాలు, ఎనభై దగ్గరపడుతున్న ఆవిడ, దగ్గరుండి చేయించింది. గట్టి రొట్టెను ముక్కలు చేసి చల్లనీళ్లతో తడపాలి. నానిపోకూడదు, పెంకు ఇంకా పళ్లకు తగలాలి. ముగ్గిన టమాటాలను చేత్తో నలిపి రసం రొట్టె మీద పడేట్టు వెయ్యాలి. ఎర్ర ఉల్లిపాయ, దోసకాయ ముక్కలు, ఒరెగానో, ఉప్పు, ధారాళంగా నూనె. వేసవిలో పొలానికెళ్లేవాళ్ల మధ్యాహ్నం తిండి ఇది. మా అమ్మాయి ఒక పచ్చిమిరపకాయ సన్నగా తరిగి, "వెయ్యనా నోన్నా (అమ్మమ్మా)?" అని అడిగింది. ఆవిడ ముక్క నోట్లో వేసుకుని కాసేపు ఆలోచించి, తన గిన్నెలో వద్దంది. మా గిన్నెలో వేసుకోమంది.

రొట్టె ఇచ్చిన రోజున బేకరీ ఆయన గుడ్డపీలికలో చుట్టి గుప్పెడు తల్లి పిండి కూడా ఇచ్చాడు. మా అమ్మాయి దాన్ని ఫ్రిజ్‌లో పెట్టి వారానికోసారి రవ్వ, నీళ్లు పెడుతోంది. మొదటి రొట్టె సరిగా పొంగలేదు, రెండోది పొంగింది. నేను బయల్దేరే రోజు పొద్దున వంటింట్లో నిలబడి అందులో సగం చిన్న సీసాలో వేస్తోంది. వాళ్ల క్లాసులో ఒక గుంటూరు అమ్మాయి అడిగిందట, సాయంత్రం వచ్చి పట్టుకెళ్తుంది.